సర్వేకి సోకిన జ్వరం

ఆ బుధవారం పొద్దున కామేశ్వరరావు మాస్టారు ఆరున్నరకే కాఫీ తాగేసి, ఏడున్నరలోగా తొమ్మిది అబద్ధాలు ఆడేయాలని కూర్చున్నారు. యాభై ఏడేళ్లలో ఆయన ఒక్క పూటకి అన్ని అబద్ధాలు ఎన్నడూ ఆడి ఎరగరు. అందుకని తెల్లకాగితం మీద గీతలు కొట్టి, క్లాసు రిజిస్టరు పక్కన పెట్టుకుని, తొమ్మిది మంది పిల్లల పేర్ల ఎదురుగా వరస సంఖ్యలు వేసుకున్నారు. లెక్కల మాస్టారు మరి, అబద్ధానికైనా ఒక పద్ధతి ఉండాలంటారు.

సంగతేమిటంటే, ఆయన పనిచేసే పుప్పాలగూడ విద్యాదీప్తి టాలెంట్ స్కూలు జాతీయ సర్వేకి ఎంపికైంది. ఎంపికంటే గొప్పేం కాదు, చీటీ తగిలింది, అంతే. దేశంలో ఆరో తరగతి పిల్లలకి చదవడం, లెక్కలు చేయడం ఏపాటి వచ్చునో చూడటానికి అక్కడక్కడా కొన్ని బళ్లు ఏరి పరీక్ష పెడతారు. కరస్పాండెంటు సుబ్బరాయుడు మాత్రం దాన్ని తన కూతురి పెళ్లిచూపులంత సీరియస్‌గా తీసుకున్నాడు. ఆయన కడప వైపు నుంచి వచ్చి, ముందు ప్లాట్లు అమ్మి, తర్వాత బడి పెట్టిన మనిషి.

"సార్, ప్లాటు చూపించేటప్పుడు కంప కొట్టేసి చూపిస్తామా లేదా?" అన్నాడు ముందు రోజు. "మీ క్లాసులో ముప్ఫై ఎనిమిది మంది ఉండారు. దాంట్లో తొమ్మిది మంది మొద్దులు. రేపు వాళ్లు నా కంటికి కనపడకూడదు. మన స్కూలు పేరు చెడిందా, వచ్చే జూన్ నుంచి మీరు ఇంగ రావాకండి."

మాస్టారు సరేనన్నారు. లెక్కలు చెబుతామని కుర్ర బీటెక్కులు వరస కట్టే ఊళ్లో యాభై ఏడేళ్ల మనిషికి ఇంకో బడి ఎవరిస్తారు? భార్య అమ్మణ్ణికి ఈ ముక్క చెప్పడానికి కూడా ఆయనకి నోరు రాలేదు.

మొదటి ఫోను బాలు వాళ్ల నాన్నకి. ఆయన ఏదో టవర్ దగ్గర సెక్యూరిటీ గార్డు.

"బాలు నిన్న కాస్త నలతగా కనిపించాడండీ. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఇవాళ్టికి ఇంట్లోనే పడుకోబెట్టండి."

"అవునా సార్? నాకెర్కనే లేదు. మంచిది సార్."

రెండో ఫోను నానక్‌రామ్‌గూడ లేడీస్ హాస్టల్లో వంట చేసే వసంతకి. ఆమె వెనక పోపు చిటపటలాడుతోంది. "సరే సారూ, నా బిడ్డకు చెప్త," అంది. అబద్ధం ఇంత సుళువని తెలిస్తే ముందే నేర్చుకునేవాణ్ణి కదా అనుకున్నారు మాస్టారు. ఆ ధీమాలోనే ఏడో ఫోనుకి కళ్లజోడు కాస్త జారి, రిజిస్టర్లో ఒక వరస పైనున్న నంబరు నొక్కారు. అది క్లాసు ఫస్టు జశ్వంత్ వాళ్లది. ఎత్తింది వాళ్లమ్మ రమ్య, ఇంట్లోంచే ఆఫీసు పని చేసుకునే సాఫ్ట్‌వేర్ మనిషి.

"మా వాడికి నలతా? సింప్టమ్స్ ఏంటి సార్? ఇంకెవరికైనా ఉందా?"

మాస్టారు గతుక్కుమన్నారు. నోటికొచ్చింది అనేశారు. "ఆఁ... ఓ తొమ్మిది మందికి ఉందండీ."

"తొమ్మిది మందికా! డెంగ్యూనా?"

"అది ఇంకా తేలలేదండీ."

ఇంకేముంది! ఏడూ ఇరవైకి తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో తొమ్మిది కేసులు. ఏడున్నరకి పద్దెనిమిది. పావు తక్కువ ఎనిమిదికి ఒక తాతగారు బొప్పాయి ఆకు రసం తీసే విధానం వీడియోతో సహా పెట్టేశారు. ఎనిమిదింటికి స్కూలు బస్సులోంచి ఆరో తరగతి తరఫున ఒక్కడూ దిగలేదు.

నడిచొచ్చే వాళ్లు మాత్రం వచ్చారు. మాస్టారు క్లాసులోకి అడుగు పెట్టేసరికి, ఎవరు రాకూడదో ఆ తొమ్మిది మందీ మొదటి బెంచీల్లో కూర్చుని ఉన్నారు. వసంత కూతురు కావ్య ఒళ్లో దుప్పటి, చేతిలో జావ డబ్బా.

"మీరెందుకొచ్చార్రా?" అన్నారాయన ఏడుపు గొంతుతో.

"ఇంట్ల ఎవ్వరుంటరు సార్?" అన్నాడు బాలు. "నాయిన డ్యూటీకి పోయిండు, అమ్మ పనికి పోయింది. జరంత నలతగుంటే బడిలనే పండుమన్నడు."

ఈ ఒక్క మెలిక మాస్టారి లెక్కకి అందలేదు. పిల్లాణ్ణి ఇంట్లో ఉంచాలంటే ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలి. ల్యాప్‌టాప్ ముందు అమ్మో, టీవీ ముందు బామ్మో ఉన్న ఇరవై తొమ్మిది మంది ఇళ్లల్లో ఉండిపోయారు. తాళాలు పడ్డ ఇళ్ల పిల్లలు బడికొచ్చారు.

సుబ్బరాయుడు గుమ్మంలోంచే చూసి తల పట్టుకున్నాడు. "ఏమి సార్ ఇది? కంప కొట్టమంటే చెట్లన్నీ కొట్టేసి కంప మిగిల్చినారే!"

ఇంతలో సీలు వేసిన కవర్లతో సర్వే పరిశీలకురాలు నీహారిక వచ్చింది. బీఎడ్ చదువుతున్న అమ్మాయి, మాట మెత్తన, చూపు చురుకు. సుబ్బరాయుడు గబగబా పై తరగతుల నుంచి ఓ పదిహేను మందిని తోలుకొచ్చి కూర్చోబెట్టాడు. ఆమె బెంచీల మధ్య ఒకసారి నడిచి ఆగింది.

"సార్, ఆరో తరగతి అబ్బాయికి మీసాలొస్తున్నాయేంటండీ?"

మాస్టారు పైకప్పు వంక చూశారు. పదిహేను మందీ వచ్చిన దారినే పోయారు.

"ఉన్న తొమ్మిది మందితోనే రాయిస్తానండి. ఎవరుంటే వాళ్లే," అని ఆమె పేపర్లు పంచేసింది.

గోరుచుట్టు మీద రోకలిపోటులా పదింటికి ఆరోగ్య శాఖ వ్యాను దిగింది. ఎవరో ఫిర్యాదు చేశారట. డాక్టరు ముందు, పొగ మిషను వెనక. ఆ పొగ కిటికీల్లోంచి క్లాసులోకి దూరి, పిల్లలు ఒకరికొకరు కనపడక, దగ్గుకుంటూ జవాబు గళ్లు నింపుతున్నారు. గేటు బయట మాస్కులు కట్టుకున్న తల్లిదండ్రులు కొందరు టీసీలు ఇచ్చేయమని అరుస్తున్నారు. వాచ్‌మన్ రాములు గేటుకి అడ్డంగా నిలబడి, "జర ఆగుండ్రి, పరేషాన్ గాకుండ్రి," అంటున్నాడు, తనే అందరికన్నా ఎక్కువ పరేషానవుతూ.

డాక్టరు తొమ్మిది మందికీ జ్వరం చూశాడు. ఒక్కరికీ లేదు. చివరికి గోడకి చేరబడ్డ మాస్టారి చేతికి బీపీ పట్టీ కట్టి, నూట ఎనభై దాటిందన్నాడు. "బళ్లో రోగం ఉన్నది మీకొక్కరికేనండీ. అయినా ఇరవై తొమ్మిది మంది రాలేదంటున్నారు కాబట్టి, ముందుజాగ్రత్తగా వారం మూసేయండి."

పరీక్ష అయ్యాక ఇంకో కాగితం ఉంది. పిల్లల్ని వాళ్ల బడి గురించి అడిగేది. నీహారిక ఒక్కో ప్రశ్న పైకి చదువుతోంది. "నీకు ఒంట్లో బాగోలేకపోతే మీ టీచర్ పట్టించుకుంటారా? ఎప్పుడూ, అప్పుడప్పుడు, అసలు లేదు. ఒకటి గుర్తు పెట్టండి."

"ఎప్పుడూ మేడం!" బాలు పైకే అరిచేశాడు. "మా సార్ పొద్దుగాల్నే ఇంటికి ఫోన్ చేసిండు. మా ఇంటికి బడి నుంచి ఎన్నడూ ఎవ్వరూ చెయ్యలే."

"మా అమ్మకు గూడ," అంది కావ్య. "హాస్టల్ల అందరికీ చెప్పిందట, మా సార్ అడిగిండని."

మాస్టారు కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడ్డారు. సిగ్గుతో ఆయనకి ఒళ్లంతా కాలిపోయింది. ఐదు నెలలుగా ఆ తొమ్మిది మందికి భిన్నాలు రావడం లేదని స్టాఫ్ రూములో నవ్వుకున్నారే గాని, ఒక్కరి ఇంట్లో ఎవరుంటారో ఆయనకి తెలియదు. కళ్లు నిండిపోతే అందరూ పొగ వల్లే అనుకున్నారు.

కవర్లు సీలు చేస్తూ నీహారిక అంది, "కంగారు పడకండి సార్. బడివారీగా మార్కులు రావు. జిల్లాకంతా కలిపి ఒకే లెక్క. మీ స్కూలు పేరు కూడా ఎక్కడా ఉండదు."

సుబ్బరాయుడు కుర్చీలో కూలబడ్డాడు. ఆ సర్వే వల్ల పోయే పేరు లేనే లేదు. జ్వరం వల్ల మాత్రం సాయంత్రానికి పన్నెండు టీసీలు పోయాయి. పదమూడోది రాస్తూ ఆయన తలెత్తకుండానే అన్నాడు, "జూన్ దాంకా యాల సార్? రేపట్నించే రావాకండి."

మర్నాడు ఎనిమిదింటికి రాములు ఫోన్ చేశాడు.

"సార్, గా తొమ్మిది మంది మళ్లొచ్చిండ్రు. బడి బంద్ అంటే పోతలేరు, ఇండ్లకు తాళాలున్నయట. పెద్దసారు ఫోన్ ఎత్తుతలేడు. నేనేం జెయ్యాలె?"

"నన్ను తీసేశారయ్యా, రాములూ."

"ఎర్కనే సార్. కానీ గా కావ్య ఊకె అడుగుతున్నది, సారు పానం ఎట్లున్నదని."

మాస్టారు ఫోను పెట్టేశారు. తర్వాత లేచి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, సుద్దముక్కల పెట్టె జేబులో వేసుకున్నారు.

"ఎక్కడికండీ?" అంది అమ్మణ్ణి. "ఉద్యోగం పోయిందన్నారుగా? ఈ వయసులో ఇంకెవరిస్తారని రాత్రంతా ఏడ్చారుగా?"

"ఇచ్చారు," అన్నారాయన చెప్పులు వేసుకుంటూ.

జీతం లేని ఉద్యోగానికి వయసు అడ్డం రాదు.