తెడ్డు విషయమై తీర్మానం

ఈ నౌరూజ్ కొత్త సంవత్సరం పండగ నాటికి మా భవనంలోని పన్నెండు కుటుంబాలవారూ గతాన్ని సంపూర్ణంగా వదిలేశారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. వదిలేసిన గతం మూడు ప్రతుల్లో భద్రంగా ఉంది.

కొత్త సంవత్సరానికి ముందు మా ఇరాన్‌లో, అందులోనూ మా ఊరు కజ్వీన్‌లో, ఇల్లు దులపని మనిషి ఉండడు. తివాచీలు ఉతికి మేడ మీద ఆరేస్తాం, కర్టెన్లు విప్పుతాం. మగవాళ్లం నిచ్చెనెక్కి, నడుం పట్టేసిందని దిగిపోతాం. ఇన్నేళ్లూ అది సరిపోయింది. ఈసారి మాత్రం భవన నిర్వాహకులు వుసూఖీ గారికి అది చాలదనిపించింది. ఆయన ముప్పయ్యొక్కేళ్లు దస్తావేజుల గదిలో పనిచేసి రిటైరైన మనిషి. దులపడానికి ఫైళ్లు లేక మా మీద పడ్డారు. ఒక ఉదయం మెట్ల దగ్గర ప్రకటన అంటించారు.

ప్రతి ఇంటివారూ ఒక పాత వస్తువును పెరట్లోకి తెచ్చి కావలసినవారికి ఇచ్చేయాలి. ప్రతివారూ ఆత్మపరిశీలన చేసుకుని తమ తప్పొకటి కాగితం మీద రాసి నిర్వాహకులకు సమర్పించాలి. సదరు తప్పులు ఏడాది చివరి బుధవారపు మంటలో దహనం చేయబడును. ఇక మూడో అంశం: మర్యాదల పేరిట కాలహరణం నిషిద్ధం. ఇచ్చేవారు ఒక్కసారే అడగాలి, పుచ్చుకునేవారు ఒక్కసారే జవాబివ్వాలి.

ఈ మూడోది చదివి మేం కాస్త తటపటాయించిన మాట నిజం. మా దగ్గర ఎవరేమిచ్చినా రెండుసార్లు వద్దని, మూడోసారి పుచ్చుకోవాలి. టాక్సీవాడు కూడా ముందు "మీ దగ్గర డబ్బులేంటండీ!" అనే అంటాడు. నిజమేననుకుని దిగి వెళ్లిపోయినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. అయినా ప్రకటన బ్రహ్మాండంగా ఉందని అందరం మెచ్చుకుని సంతకాలు పెట్టాం. చదువుకున్నవాళ్లం కదా.

తప్పులు వెల్లువెత్తాయి. సొంత తప్పులు వెంటనే గుర్తుకు రాకపోవడంతో జనం అందుబాటులో ఉన్న పొరుగింటి తప్పులు రాశారు. నేను మాత్రం అతిగా పోలేదు. మొదటి అంతస్తు ఫఖ్రి ఖానం టీవీ శబ్దం గురించి నాలుగే వాక్యాలు రాశాను. వుసూఖీ గారు ప్రతి కాగితానికీ సంఖ్య వేసి, మూడేసి నకళ్లు తీయించారు. కాల్చాల్సిన కాగితాలకు నకళ్లెందుకని మా ఆవిడ పూరాన్ అడిగితే, "రేపు ఏం వదిలేశామో మరిచిపోతే ఎలా అమ్మా?" అన్నారు.

తన తప్పు తాను రాసిన మనిషి భవనం మొత్తంలో ఒక్క ఫఖ్రి ఖానమే. ఆవిడ చెల్లెలు మహ్‌లఖా మూడో అంతస్తులో ఉంటుంది. ఇద్దరికీ పదకొండేళ్లుగా మాటల్లేవు. ఒకరు మెట్ల మీదుంటే రెండోవారు తలుపుకి చెవి ఆనించి, అడుగుల చప్పుడు పోయాకే బయటికొస్తారు. తల్లి ఉన్నప్పుడు అక్కచెల్లెళ్లు ఏటా గోధుమ మొలకలతో సమను అనే పండగ తీపి వండేవారు. రోజంతా కలియబెట్టే పని, ఒక్కరి వల్ల కాదు. తల్లి పోయాక రాగి గంగాళం చెల్లికి వెళ్లింది, తెడ్డు కనబడకుండా పోయింది. అప్పట్నుంచీ సమను లేదు, చెల్లి లేదు.

"ఈ పండక్కైనా అది నా గుమ్మం తొక్కితే చాలు పూరాన్. వచ్చే ఏడాదికి నేనుంటానో, ఉండనో" అందట ఫఖ్రి ఖానం మా ఆవిడతో.

నిర్ణీత దినాన మధ్యాహ్నం నాలుగింటికి అందరం పెరట్లో చేరాం. గతాన్ని వదిలేయడంలో మావాళ్ల ఔదార్యం చూసి తీరాలి. పనిచేసే వస్తువు ఒక్కటీ లేదు. ఇంజనీరు గారు ఒంటి చంకకర్ర తెచ్చారు. పుచ్చుకునేవాళ్లంతా అలవాటు చొప్పున ముందు వద్దన్నారు, వద్దన్నట్టే నమోదైంది. గంటసేపటికి పెరట్లోంచి చెంచా కూడా కదల్లేదు. వుసూఖీ గారు కార్యక్రమం విజయవంతమని ప్రకటించి, సరిచూసుకోవడానికని కాగితాలు బయటికి చదవసాగారు.

"ఏడో నంబరు. ఫఖ్రి ఖానం. 'గంగాళం చెల్లికిచ్చారని కుళ్లుకుని తెడ్డు దాచేశాను. పోయిందని అబద్ధమాడాను. తప్పు నాదే. ఇచ్చేస్తాను.'"

ఫఖ్రి ఖానం ఒంటి నిండా కప్పుకున్న చాదర్ చాటునుంచి తెడ్డు తీసి చెల్లెలి ముందుకు చాపింది.

"తీసుకోవే. అమ్మది."

మహ్‌లఖా ఒకడుగు వెనక్కి వేసింది. "అయ్యో, అదేంటక్కా! నాకెందుకూ? అమ్మ తెడ్డు నీ చేతిలో ఉంటేనే అందం."

పదకొండేళ్లలో మొదటిసారి అక్కా అంది. అది మొదటి వద్దు మాత్రమేనని అక్కడున్న ప్రతి ప్రాణికీ తెలుసు. ఫఖ్రి ఖానం కళ్లు తుడుచుకుని రెండోసారి అడగడానికి నోరు తెరిచింది.

"నిరాకరించడమైనది" అంటూ వుసూఖీ గారు రాసేశారు.

"అది కాదండీ! నేనింకా అడుగుతున్నా..."

"మూడో అంశం, ఖానం. మీరు సంతకం పెట్టారు." ఆయన పక్కనే ఉన్న నావైపు తిరిగారు. "మీకు కావాలా?"

నేను చట్టాన్ని గౌరవించేవాణ్ణి. అదీకాక అబద్ధమెందుకు, తెడ్డు బాగుంది. నల్లగా నిగనిగలాడుతోంది, పిడి దగ్గర రెండు తరాల చేతులు పడి అరిగింది. ఇలాంటివి ఈమధ్య పెద్ద హోటళ్లలో గోడలకి తగిలిస్తున్నారు.

"కావాలి" అన్నాను.

సాయంత్రం తప్పుల్ని తగలబెట్టి, ఆచారం ప్రకారం మంట మీంచి దూకి, పవిత్రులమై ఇళ్లకు చేరాం. మెట్లెక్కుతుంటే మొదటి అంతస్తు తలుపు వెనక మాటలు వినిపించాయి.

"చూశావా వాడి మొహం? చెయ్యి చాపేశాడు!"

"సిగ్గూ శరం ఉండాలక్కా. పెళ్లాం ఎలా వేగుతోందో!"

ఆ రాత్రి వాళ్ల మాటలు ఆగలేదు, మర్నాడూ ఆగలేదు. పదకొండేళ్ల బాకీ నా పేరు మీదే తీర్చుకుంటున్నారు. ఆ వారమే ఇద్దరూ రాగి గంగాళం దించి, ఎవరూ పుచ్చుకోని చంకకర్రని కడిగి దాంతో కలియబెట్టి, సమను వండారు. తొమ్మిదిళ్లకు తొమ్మిది గిన్నెలు వెళ్లాయి. మా గుమ్మం దాటి వెళ్లాయి.

"వెళ్లి ఇచ్చేసి రండి. మీకు దణ్ణం పెడతాను" అంది పూరాన్.

పండగ రోజు తెడ్డు పట్టుకుని కిందికి వెళ్లాను. అక్కచెల్లెళ్లిద్దరూ తలుపు తీశారు. ఇద్దరి చూపూ పిడి మీదే ఉంది.

"మీ తెడ్డండీ. తీసుకోండి."

"అయ్యో, వద్దు బాబూ! మీ గోడకే అందం" అంది పెద్దావిడ.

నేను వినయంగా తల వంచి పైకి వచ్చేశాను. తలుపు చాలాసేపటిదాకా మూసుకోలేదు. రెండోసారి కోసం ఎదురుచూస్తున్నారని నాకు తెలుసు. ఏం చేయను? నేనూ సంతకం పెట్టినవాణ్ణే.

వుసూఖీ గారి రిజిస్టరులో ఈ ఏటి వివరం స్పష్టంగా ఉంది: తీరిన పాత కక్ష ఒకటి, కొత్త కక్ష ఒకటి. లెక్క సరిపోయింది. మా భవనం గతాన్ని వదిలేసింది. అది మా హాల్లో రెండు మేకుల మీద వేలాడుతోంది. వచ్చినవాళ్లంతా చూసి మెచ్చుకుంటారు. నేను మాత్రం దాని కింద కూర్చుని భోంచేయలేకపోతున్నాను.

మీరు కూడా ఇప్పటిదాకా దానివంకే చూస్తున్నారు. కావాలా? చెప్పండి, ఒక్కసారే అడుగుతాను.