అష్రఫ్ చక్రవర్తి పెనుకొండను నిలుపుకొన్న వైనము

వినుడు, వినుడు! నీళ్ళు లేకున్నను పేరు మాత్రము తగ్గించుకోని పినాకినీ నదీ పరిసరమున, చింతపండు బెల్లముల పరిమళము నలుదిక్కుల క్రమ్ముకొన్న హిందూపుర మహాపత్తనమున, క్రీస్తుశకము రెండువేల మూడవ వత్సరమున, ప్రచండ మార్తాండుడు రేకుల కప్పులపై రొట్టెలు కాల్చగల వైశాఖమున, ఒకానొక సోమవారము ఉదయము తొమ్మిది గంటలకు, గాజుల అంగడి మొహిద్దీన్ సాబ్ తనయుడును, వంశమున ప్రప్రథమ పట్టభద్రుడును, ద్వితీయశ్రేణి బి.కాం. కిరీటధారియునగు అష్రఫ్ మహావీరుడు, సుధాకర్ గారి కంప్యూటర్ సెంటర్ మెట్లను రెండేసి చొప్పున లంఘించి, మూడవ నంబరు యంత్రము ముందర ప్లాస్టిక్ కుర్చీ యనెడు సింహాసనము నధిష్ఠించెను.

ఆ యంత్రమున ఒక ఆట కలదు. ఒక్క గుడిసెతో మొదలిడి, పొలములు దున్ని, పట్టణములు కట్టి, సైన్యములు పెంచి, నాలుగువందల వంతులు ముగియువరకు రాజ్యమును బ్రతికించుకొనవలెను. చక్రవర్తులు ఆరుగురు; అందు అయిదుగురు యంత్రము సృష్టించినవారు. ఎవరి వంతున వారు కదలవలెను, తక్కిన వేళల చేతులు కట్టుకొని చూడవలెను. అష్రఫ్ అదివరకు ఆరు సామ్రాజ్యములు స్థాపించెను. ఆరును మట్టిలో కలిసెను. ఇది ఏడవది. హిందూపురము, ధర్మవరము, పెనుకొండ యని తానే నామకరణము చేసిన మూడు నగరములతో, ఇరువది దినముల తపస్సుతో, మూడువందల అరువదవ వంతు వరకు ఈడ్చుకొని వచ్చెను.

అంతలో సెంటర్ అధిపతి సుధాకర్ పిడుగువంటి వార్త పలికెను.

"అష్రఫ్, మధ్యాహ్నం ఒంటిగంటకు ఈ సిస్టం ఫార్మాట్ కొడ్తాండా. ట్యాలీ బ్యాచ్ వస్తాండాది. నీ రాజ్యం గీజ్యం ఏముండినా అంతలోపల చూసుకో."

"ఇంగ నలభై వంతులేన్నా! ఒక్కసారన్నా చివరిదాకా పోనీ!"

"ఆరు రాజ్యాలు ముంచినోడికి ఏడోది ముంచేకి నాలుగు గంటలెందుకబ్బా?" అని, పక్క బల్లపై టైపు నేర్పు మంజులత పెదవి విరిచెను.

ఆ పరిహాస శరము గుండెన గుచ్చుకొనగా, అష్రఫ్ ఆటను తెరచెను. తెరచినంతనే ఉత్తరదేశపు చక్రవర్తి, మెలిదిరిగిన మీసములతో తెరపై ప్రత్యక్షమై, "రెండు గుర్రములిచ్చెదము, మీ తుపాకిమందు రహస్యమును మాకిండు" అని కోరెను.

ఇచ్చట కొంచెమాగి ఒక్కమాట చెప్పవలెను. అష్రఫ్ పదవ యేటినుండి ప్రతి ఉదయము తండ్రి అంగడి తలుపు తీసినవాడు. బోణీకి వచ్చినవారిని వట్టిచేతులతో పంపరాదనుట అతని నెత్తురున కలిసిన ధర్మము. తొలి బేరము గిట్టకున్నను సరే, గాజులు కట్టి ఇచ్చుటయే. కావున ఆ ధర్మవీరుడు రెప్ప వాల్చకుండ "సరే" అను మీట నొక్కెను.

"ఏమబ్బా, నీకేమన్నా తిక్కనా?" అని సుధాకర్ అరచెను. "తుపాకిమందు ఇస్తివా వానికి?"

"పొద్దున్నే తొలి బేరమన్నా. కాదంటే ఎట్ల?"

"వాడేమన్నా నీ అంగడికి గాజులకొచ్చినాడా? కంప్యూటర్ రాజబ్బా వాడు!" అని మంజులత నవ్వు ఆపుకొనలేక బల్లపై తల వాల్చెను.

పది వంతులైనను గడువకముందే ఉత్తరదిక్కునుండి ఫిరంగులు వచ్చెను. అవి ఘూర్ణిల్లుచు, ధూళిపటలములతో దిగంతములను కప్పుచు, స్పీకరునుండి డబ్బాలో గులకరాళ్ళు వేసి ఆడించిన చప్పుడు చేయుచు వచ్చెను. ధర్మవరము కూలెను. బేరమున వచ్చిన గుర్రములు రెండును అచ్చటనే వీరస్వర్గమునకేగెను. పిదప హిందూపురము కూలెను. హిందూపురముననే కూర్చుండి హిందూపురమును పోగొట్టుకొన్న చక్రవర్తి చరిత్రలో ఇతడొక్కడే.

మిగిలినది పెనుకొండ. కొండపై కోట, కోటకొక గోడ, గోడలోపల ఒక్కడంటే ఒక్కడు బల్లెపు బంటు.

"ఓ ఏకాకీ! ఓ భల్లపాణీ! గిరిదుర్గ శిఖర కేసరీ! ఇరువది దినముల నా కష్టము నీ బల్లెపు మొనపై నిలిచియున్నది. శత్రు శతఘ్నుల నెదుర్కొని నా రాజ్యలక్ష్మిని కాపాడుము!" అని చక్రవర్తి హృదయము గర్జించెను. నోట మాత్రము "సావొద్దప్పా, నీకు దండం పెడతా" అని వెలువడెను.

తొలి ఫిరంగి గర్జించెను. బంటు తలపై ఆయుర్బలము చూపు ప్రాణరేఖ పచ్చనుండి పసుపునకు, పసుపునుండి ఎరుపునకు దిగి, వెంట్రుకవాసి మిగులగా, ఫిరంగియే తునాతునకలయ్యెను! వెనుకనున్న రెండవ ఫిరంగియు దెబ్బతిని కుంటుచుండెను. అది చూచి అష్రఫ్ రక్తము సలసల క్రాగెను. బంటును కోట వెలుపలికి ఉరికింప మౌసుపై చేయి వేసెను.

సరిగ్గా ఆ క్షణమున మొహిద్దీన్ సాబ్ రొప్పుచు మెట్లెక్కి వచ్చెను.

"బీరువా చెవి నీ జోబులోనే ఉండాది గదరా! యాడంతా ఎతికేది?" అని, తెర చూచి ఆగెను. "ఆ కొండమింద ఒంటిగా ఉండేది ఎవుర్రా?"

"మనోడే నాయనా."

"సగం సచ్చినట్టుండాడే!"

"ఎదురుదానికీ దెబ్బ తగిలుండాది నాయనా. ఇప్పుడు పంపిస్తే పొడిచేస్తాడు."

"దెబ్బ తిన్నోణ్ణి ఎండలోకి పంపుతావా? కడుపుకు అన్నమే తింటాండావా నువ్వు? కూర్చోబెట్టు. ఆడే ఉండనీ. కావాల్సినోళ్ళు వాళ్ళే వస్తారు."

తండ్రిమాట జవదాటి ఎరుగని ఆ పట్టభద్రుడు, పండ్లు పటపట కొరికియు, "విశ్రాంతి" మీట నొక్కెను. ఏమి చిత్రము! వంతు తరువాత వంతు, కూర్చున్నవాని ప్రాణరేఖ పసుపాయెను, పచ్చనాయెను. రెండవ ఫిరంగి వచ్చి గోడకు తల బాదుకొని చచ్చెను. మూడవది వచ్చెను, అదియు అంతే. ప్రతి యుద్ధము పిదప బంటు కూర్చుండుట, కోలుకొనుట. తండ్రి బీరువా తాళపుచెవి మరచి, కుర్చీ వెనుక నిలిచి, "లెయ్యొద్దురా నాయనా, లెయ్యొద్దు!" అని తెరలోని బంటును స్వయముగా బతిమాలుచుండెను.

సుధాకర్ ఫార్మాట్ సీడీ చేతపట్టి యముని వలె వచ్చి నిలిచెను. "ఒంటిగంటాయ. లెయ్ అష్రఫ్."

"ఇంగ మూడు వంతులన్నా!"

"ఉండు సార్!" అని అరచినది ఎవరో కాదు, మంజులత. టైపు బల్ల వదలి ఆమెయు వెనుక చేరియుండెను. "నా గడియారంలో ఇంగా రెండు నిమిషాలుండాయి. ఆ బల్లెమోణ్ణి చూడు, ఎట్ల కూర్చోనుండాడో! వాణ్ణి సగంలో చంపుతావా?"

సుధాకర్ సీడీ దించెను. మూడువందల తొంబది ఎనిమిది. తొంబది తొమ్మిది. అయిదు ఫిరంగులు కొండ చుట్టు మూగియుండగా, నలుగురు మానవులు ఊపిరి బిగబట్టియుండగా, నాలుగువందలవ వంతు ముగిసెను.

భేరీలు మ్రోగెను! తెరపై చక్రవర్తుల పట్టిక వెలసెను. ఆరుగురిలో అష్రఫ్ అయిదవవాడు! ఆరవవాడు నూరు వంతుల క్రిందటనే నశించియుండెను. అయిననేమి? రాజ్యము నిలిచెను! ఆట పూర్తియయ్యెను! పట్టికలో వ్రాయుటకు యంత్రము ఆ విజేత నామమును వినయముతో అడిగెను. అష్రఫ్ తన పేరు కొట్టెను.

తండ్రి ఆ ఇంగ్లీషు అక్షరములకేసి కొంతసేపు చూచి, "అంతేనా? బి.కాం. కూడా ఎయ్యరా" అనెను.

వేసెను. ఆ విధముగా పెనుకొండాధీశ్వరుడు, ఏకభటాధిపతి, పంచమ చక్రవర్తి మహమ్మద్ అష్రఫ్, బి.కాం., అను దివ్యనామము హిందూపుర మహాపత్తనమున, సుధాకర్ సీడీ లోపలికి తోయువరకు, నలుబది సెకండ్లపాటు, నిరాటంకముగా, దేదీప్యమానముగా వెలిగెను!