దర్జీ దక్షిణపాద విజయం

ముందుగా కదలనివాటన్నిటికీ నమస్కారం. గోడకు, గడపకు, మెట్ల కింద చైను తెగి పడివున్న పాత సైకిలుకు వందనం. వాటి అనుగ్రహం లేనిదే ఈ కథ నడవదు.

సహస్రకిరణుడు ఎదురు మేడ మీది నీళ్ల ట్యాంకును ఇంకా అధిరోహించని శుభవేళ, పాలప్యాకెట్ల శకటాలు వీథిని విడిచిన ప్రశాంత ముహూర్తాన, మందుల షాపు పైఅంతస్తులో, పంకాచతుష్టయ శోభితమై వాటిలో ఒక్కటి మాత్రమే తిరుగుతున్న యోగశాలలో, కర్తరీధురంధరుడు, సూచీరంధ్రభేదనకోవిదుడు, కొలతటేపును కంఠహారంగా ధరించినవాడు, సగం కుట్టిన గుడ్డను సూది కిందే వదిలి నిబ్బరంగా షాపు మూయగల ధీరుడు అయిన మన దర్జీ, నీలిరంగు రబ్బరు చాప మీద వెల్లకిలా పడుకొని, తల కొంచెం ఎత్తి, తన కుడికాలిని పగవాణ్ణి చూసినట్టు చూశాడు.

ఆ కాలు కదులుతోంది.

ఏళ్ల తరబడి కుట్టుమిషను తొక్కితొక్కి ఆ పాదం స్వతంత్రం ప్రకటించుకుంది. మడమ ఆనించి వేళ్లు ముందుకీ వెనక్కీ, ముందుకీ వెనక్కీ. భోజనాల బల్ల కింద అదే పని. సినిమా హాల్లో ముందుసీటు వీపు మీద అదే పని. నిద్రలో ధర్మపత్ని పిక్క మీద అదే పని. ఆ సహనశీల ఓర్చినన్నాళ్లు ఓర్చింది. ఒకనాటి ఉదయం తలగడ చంకన పెట్టుకుని, "రాత్రంతా నా పిక్కకి అంచు కుడుతున్నారండీ. ఆ కాలు ఆగిన రోజు చెప్పండి, వస్తాను" అని ముందుగదిలోని సోఫాకు తరలిపోయింది. గొడవ లేదు, అలక లేదు. వేళకు టీ వచ్చేది, మాటా వచ్చేది. తలగడ రాలేదు. మంచం మీద ఆమె వైపు మిగిలిన ఖాళీని దర్జీ రోజూ పొద్దున్నే కళ్లతో కొలిచేవాడు. ఏ తానూ చాలని కొలత అది.

నడుంనొప్పికని తాను వెళ్లే యోగశాలకు అతన్ని తీసుకొచ్చిందీ ఆమే. అక్కడి టీచరమ్మ వారానికో పద్ధతి నేర్పేది. మొదటి దండయాత్రగా, ఊపిరికొక భంగిమ చొప్పున ఒకదానిలోంచి ఇంకొకటి జలపాతంలా జారే వేగయోగాన్ని ప్రయోగించింది. మిషను మీదికి వంగివంగి గొడుగుపిడిలా తయారైన దర్జీ వెన్ను ఆ ధాటికి నిటారైంది. తర్వాత దిండ్ల ఆసరాతో ఒకే భంగిమలో చాలాసేపు నిలిచే నిదానయోగం వచ్చింది. తొడల వెనక ఎన్నాళ్లుగానో గడియ వేసుకున్న కోటతలుపులు కిర్రుమంటూ తెరుచుకున్నాయి. ముక్కుపుటాలు మార్చిమార్చి పీల్చే ప్రాణాయామానికి కోపం సైతం ఆయుధాలు దించింది. చేతులు బిగుతయ్యాయని చొక్కాను బల్ల మీదికి విసిరిన కస్టమరుతో, "విప్పి కుడతాలెండి" అని చల్లగా అనగలిగాడు. మోకాళ్లు అరిగిన రిటైర్డు పోలీసాయన కూడా కుర్చీలో కూర్చుని ఆసనాలు వేసీవేసీ, మెట్లెక్కేటప్పుడు కమ్మీ వదిలేశాడు.

సర్వాంగాలూ సంధికి వచ్చాయి. కుడిపాదం రాలేదు. వేగయోగంలో అది తాళం వేసింది, నిదానయోగంలో దిండును తన్నింది. ఒక్కో అడుగునూ గమనించుకుంటూ గదిచుట్టూ తాబేళ్లలా నడిచే ధ్యానంలోనైతే పోలీసాయన మడమను తొక్కింది. "ఎంతమంది దొంగల్ని తరిమానో గానీ, నన్నిలా తరిమినవాణ్ణి చూళ్లేదయ్యా" అన్నాడాయన.

ఇక మిగిలింది శవాసనం. కళ్లు మూసుకుని ఒళ్లు వదిలేయమంది టీచరమ్మ. హాలంతా రణరంగంలా దేహాలతో నిండిపోయింది. పోలీసాయన అప్పుడే గురకలో పడ్డాడు. పక్కచాప మీద దర్జీ భార్య ప్రశాంతంగా ఒరిగింది. ఆ మహానిశ్శబ్దంలో దర్జీ బొటనవేలు స్టీలు నీళ్లసీసాకు తగిలి టక టక టక మంటోంది.

అప్పుడు ఆ వీరుడు పళ్లు బిగించి, లోలోపల ఇలా గర్జించాడు: "ఓరీ చరణాధమా! నా యన్నము తిని, నా చెప్పులో పెరిగి, నా దాంపత్యమునే తొక్కివేయుచుంటివా! ఆగుము! ఆగకున్నచో నిన్ను సాక్సుతో సహా బంధించి పరుపు కింద చెరవేయుదును!"

అని ఎడంకాలితో కుడికాలిని అదిమిపట్టాడు. రెండు సోదర సేనలు ఘోరంగా తలపడ్డాయి. దవడ బిగిసింది, పిక్క పట్టేసింది. తన్ను తిన్న నీళ్లసీసా దొర్లుకుంటూ వెళ్లి పోలీసాయన చెవి దగ్గర ఆగింది. దర్జీకి ఏడుపొచ్చినంత పనైంది. ఈ కాలు తనది కాదేమో, తనే ఈ కాలికి తగిలించిన మిగతా బట్టేమో అనిపించింది.

టీచరమ్మ వచ్చి పక్కన మోకరించి, నెమ్మదిగా అంది. "ఆపాలని చూడకండి టైలర్ గారూ. అదేం చేస్తోందో ఊరికే చూడండి."

చూశాడు. పట్టు వదిలేసి, మూసిన రెప్పల వెనక నుంచి మొదటిసారి ఆ కాలిని శత్రువుగా కాక, పనిచేసుకుంటున్న మనిషిని చూసినట్టు చూశాడు. అది ఊరికే ఊగడం లేదు. కుడుతోంది. బూడిదరంగు ప్యాంటు, కుడి పక్కకుట్టు. నిన్న సాయంత్రం మోకాలి దగ్గర వదిలేసి వచ్చింది. కుట్టును సగంలో వదిలితే మర్నాడు వెతుక్కోకుండా అక్కడి నుంచే అందుకోవచ్చని పని నేర్పిన గురువు చెప్పిన పద్ధతి అది. చేయి దానికెంత అలవాటు పడిందంటే, ఏ సాయంత్రమూ ఏ కుట్టూ ముగించి లేచిన జ్ఞాపకం లేదు. ఇన్నేళ్లుగా రోజూ మిషను దిగి ఇంటికొచ్చింది తనొక్కడే. కాలు దిగలేదు.

పాపం, అనుకున్నాడు.

అంతట ఆ కర్తరీధురంధరుడు మనోరథమనే మిషనెక్కి, మోకాలి నుంచి కుట్టు అందుకుని, పిక్క ప్రదేశాన్ని దాటి, చీలమండ సరిహద్దులను గడిచి, ప్యాంటు అంచు అనే సముద్రతీరాన్ని చేరి, అక్కడ రెండడుగులు వెనక్కి కుట్టి బిగించి, మీట ఎత్తి, గుడ్డ లాగి, దారం తెంపాడు.

కాలు ఆగింది.

పక్కచాప మీద అతని భార్యకు మెలకువొచ్చింది. ఏదో తక్కువైంది. గోడగడియారం ఆగిపోతే కలిగే అనుమానం లాంటిది. ఒక కన్ను తెరిచి చూసింది. భర్త పాదం నింగికేసి నిలబడి ఉంది. చలనం లేదు. పాక్కుంటూ వచ్చి అతని ముక్కు కింద వేలు పెట్టింది.

"ఏమండీ... ఉన్నారా?"

"ఉన్నానే. కుట్టు అయిపోయింది."

"మరి ఆ కదిలే కాలు ఏదీ?"

"అక్కడే ఉంది కదా."

ఆమె వంగి దాన్ని దగ్గరగా చూసింది. "పెళ్లయ్యాక ఇప్పుడే చూస్తున్నా. మీ బొటనవేలు ఇంత పెద్దదాండీ?" అంది. పోలీసాయన ఉలిక్కిపడి లేచి, చెవి దగ్గరి సీసాను పట్టుకుని, ఎవరిదిదని దర్యాప్తు మొదలుపెట్టాడు.

ఆ సాయంత్రం దర్జీ బూడిదరంగు ప్యాంటు పూర్తిగా కుట్టి, మడతపెట్టి, ఖాళీ సూదిని కాసేపు చూసి షాపు మూశాడు. ఇంటికొచ్చేసరికి భార్య పడకగదిలో దుప్పటి దులుపుతోంది.

వినుడు సభాసదులారా! సంధ్యాదీపములు వెలిగిన ఆ మహాముహూర్తమున ఒక తలగడ ముందుగది నుండి బయలుదేరి, గడపదుర్గము దాటి, మంచమందలి తన పూర్వసింహాసనమును అధిష్ఠించెను. మడమ మడమగా నుండెను. పిక్క పిక్కగా నుండెను. సోఫా మీది దుప్పటి మాత్రము, ముందుజాగ్రత్తగా, మడతపెట్టి అక్కడనే యుంచబడెను.