తౌనో వేయని స్విచ్చి

శనివారం పొద్దున ఆ ఫిన్లాండు సరుకు ఓడలో అందరి ఆలోచనా ఒకటే: మధ్యాహ్నానికల్లా సౌనా, అంటే ఆవిరిస్నానాల గది, వేడెక్కాలి. సౌనా పొయ్యికీ, వంటగది ఓవెన్లకీ కలిపి ఒక్క జనరేటర్ చాలదు. రెండోదాన్ని దానికి జత చేయాలి. ఆ పని మొదటిసారి సెకండ్ ఇంజనీరు తౌనో చేతికొచ్చింది. రిటైరవుతున్న చీఫ్ ఇంజనీరు ఆర్వో, "ఇది సరిగ్గా చేశావంటే నా కుర్చీ నీదేనయ్యా" అన్నాడు. ఆ మాట విన్నప్పటినుంచి తౌనోకు కాఫీ కూడా సహించలేదు.

జత చేయడమంటే స్విచ్చి నొక్కేయడం కాదు. రెండు యంత్రాలూ అడుగులో అడుగు వేసి నడవాలి. అవి ఎడమొహం పెడమొహంగా ఉంటే బోర్డు మీద రెండు బల్బులు వెలుగుతాయి. అడుగు కలిస్తే ఆరతాయి. అప్పుడే స్విచ్చి వేయాలి. వెలుగుతుండగా వేస్తే ఇరుసే విరగవచ్చు.

బల్బులు వెలిగాయి, ఆరాయి, మళ్ళీ వెలిగాయి, ఆరాయి. ఇక వెలగలేదు. కొత్త దంపతులు కూడా ఇంత త్వరగా రాజీపడరే అని తౌనోకు అనుమానం వచ్చింది. స్విచ్చి మీద చెయ్యి వేసి, వేయనా మాననా అని అలాగే నిలబడిపోయాడు.

అంతలో కెప్టెన్ కల్లియో దిగివచ్చాడు. బల్బులు ఆరి ఉన్నాయి, తౌనో చెయ్యి స్విచ్చి మీద ఉంది. పని అయిపోయిందనుకున్నాడు. పనిలో ఉన్నవాణ్ణి పలకరించడం ఆ ఓడలో మర్యాద కాదు గనక తలాడించాడు. అడగనిది చెప్పడం అసలే మర్యాద కాదు గనక తౌనో కూడా తలాడించాడు.

కెప్టెన్ పైకెళ్ళి వంటామె హెల్వితో, "కలిపేశాడు, ఇక కానివ్వు" అన్నాడు. ఆమె ఓవెన్లన్నీ వేసింది. ఈయన సౌనా పొయ్యి మీట పూర్తిగా తిప్పి, బట్టలు విప్పి కూర్చున్నాడు. పాపం, ఒంటరి జనరేటర్ ఎంతని మోస్తుంది? చేతులెత్తేసింది. కింద అంతా చీకటి.

తౌనో ఇక కుర్చీ పోయిందనుకున్నాడు. కానీ చేతులు వాటి పని మరిచిపోలేదు. కరెంటు పోగానే పొయ్యిల స్విచ్చులు వాటంతటవే ఆఫయిపోయి బరువు దిగింది. తౌనో మొదటి జనరేటర్‌ను లైనులోంచి తప్పించి, ఊరికే తిరుగుతున్న రెండోదాన్ని వేశాడు. అవతల ఎవరూ లేనప్పుడు అడుగు కలపాల్సిన బాధే లేదు. దీపాలొచ్చాయి.

తువ్వాలు చుట్టుకుని కెప్టెన్ దిగాడు. వెనకే టార్చితో ఆర్వో.

"ఇదేనటయ్యా నువ్వు కలిపిన లక్షణం?" అన్నాడు కెప్టెన్.

"నేను కలపలేదండీ."

"మరి ఇంతసేపూ ఏం చేశావు?"

"ఏమీ చేయలేదండీ."

ఆర్వో ఒక బల్బు విప్పి చెవి దగ్గర ఊపాడు. లోపల తెగిన తీగ గలగలలాడింది. రెండు బల్బులూ ఒకే తీగ మీద వరసగా ఉన్నాయి, ఒకటి మాడితే రెండూ ఆరతాయి.

"యంత్రాలు కలిసి కాదు, ఇది మాడి ఆరింది. వీడు స్విచ్చి వేసి ఉంటే ఈపాటికి ఇరుసు ముక్కలు ఏరుకుంటూ ఉండేవాళ్ళం" అని ఆర్వో తౌనో భుజం తట్టాడు. కుర్చీ ఖాయమైంది.

ఏమీ చేయనందుకు పదవి దక్కినవాడు ఆ ఓడలో, కెప్టెన్ తర్వాత, తౌనో ఒక్కడే.