పొగ చదివిన నరసింగరావు

"పొగ అబద్ధం చెప్పదు చెల్లెమ్మా! మనుషులు చెప్తారు, కాగితాలు చెప్తాయి, పొగ మాత్రం చెప్పదు. ఆ పొగని చదవగలిగే కన్ను ఈ మొత్తం ఛత్తీస్‌గఢ్‌లో ఒక్కటే ఉన్నాది. ఇదిగో, ఇదే!"

నరసింగరావు తన ఎడమకంటి వైపు వేలు చూపించాడు. కుడికంటికి శుక్లం ఆపరేషన్ అయి వారమే కావడంతో రెండు కళ్ళూ నల్లద్దాల వెనక ఉన్నాయి. వేలు తగిలింది అద్దానికి. కళ్ళద్దాలు ముక్కు మీంచి జారి టీ గ్లాసులో పడబోతుంటే కామాక్షమ్మ అందుకుని మళ్ళీ పెట్టింది.

"మరి మా కారు పొగలో ఏటి చదివేరు అన్నయ్యగారూ?"

"నలుపు! కటిక నలుపు! ఇది రిపేరు కాదు, కుట్ర. సముద్రాలు దాటొచ్చిన కుట్ర!"

"ఆ అద్దాల్లోంచి చూస్తే మా మల్లెమొక్క కూడా నల్లగానే ఉంటాది బావా," అన్నాడు కామాక్షమ్మ మొగుడు గోవిందరావు. "అయినా కుట్ర అని కంపెనీవోడే ఉత్తరం రాసేడు కదేటి. నువ్వు కొత్తగా కనిపెట్టిందేటి?"

అదీ నిజమే. మార్చిలో ఆ ఉత్తరం వచ్చింది. 'మీ డీజిల్ కారులో ఉన్న కంప్యూటర్ ప్రోగ్రాం, పొగ పరీక్ష జరుగుతోందని పసిగట్టి అప్పుడు మాత్రం బుద్ధిగా ఉంటుంది. రోడ్డెక్కాక ఇష్టమొచ్చినంత పొగ వదులుతుంది. బండి తెస్తే ఉచితంగా కొత్త ప్రోగ్రాం ఎక్కిస్తాం' అని అందులో ఉంది. ఆరోజు నుంచీ గోవిందరావుకి అన్నం సయించలేదు. ఎక్కించుకుంటే మైలేజీ పడిపోతుందని ఒకరు, బండికి లాగే సత్తువ పోతుందని ఇంకొకరు, ఎక్కించుకోకపోతే బండే పట్టుకుపోతారని మరొకరు అంటూ, భిలాయి స్టీలు ప్లాంటు కాలనీలో వాళ్ళుండే మరోదా సెక్టారంతా సలహాలిచ్చింది. చివరికి ఏప్రిల్ మొదట్లో గుండె దిటవు చేసుకుని ఎక్కించుకొచ్చాడు. పదిహేను రోజులు బాగానే ఉంది. తరవాత లీటరుకి పద్దెనిమిది కిలోమీటర్లిచ్చే బండి పదకొండుకి దిగిపోయింది. ఫ్లైఓవర్ ఎక్కుతూ ముసలి ఎద్దులా రొప్పింది. వెనక నల్లటి పొగ.

"దొంగబుద్ధితో ఉన్నన్నాళ్ళూ శుభ్రంగా పనిచేసింది. బుద్ధొచ్చేక చతికిలబడిపోనాది," అని గోవిందరావు రోజూ ఆ బండి వైపు చూసి వాపోతున్నాడు.

వేరే రోజులైతే కామాక్షమ్మ ఇంత బెంగ పడేది కాదు. కానీ ఇవాళ గురువారం. ఆదివారం నరసింగరావూ, ఆయన భార్య హేమమాలినీ క్వార్టరు ఖాళీ చేసి శాశ్వతంగా బొబ్బిలి వెళ్ళిపోతున్నారు. ఆయన రిటైరయ్యాక ఇచ్చిన గడువు అయిపోయింది. సామానెక్కిన లారీ నిన్ననే కదిలింది. ముప్ఫై ఒక్కేళ్ళు గోడకి అటూ ఇటూ నిలబడి గిన్నెలు మార్చుకున్న హేమమాలిని ఇంక గోడకి అటువైపు ఉండదు.

ఈ ఊరొచ్చాక దుర్గ్ స్టేషన్లో కామాక్షమ్మ ఎంతమందిని రైలెక్కించిందో లెక్క లేదు. రిటైర్మెంటు అయినప్పుడల్లా ఒక ఇల్లు ఆంధ్రాకి కదిలిపోతుంది. పులిహోర పొట్లం కిటికీలోంచి అందించడం, ఊచ పట్టుకుని రైలుతోపాటు నాలుగడుగులు నడవడం, ఊచ చేతిలోంచి జారిపోవడం. ఇంటికొచ్చి ఎన్నిసార్లు కడుక్కున్నా రెండు రోజులు అరచేతికి ఇనుము వాసన. అందుకే ఈసారి మొగుడి దగ్గర మాట తీసుకుంది. హేమమాలినిని రైలెక్కించేది లేదు. నలుగురూ కారులోనే జగదల్‌పూర్ మీదుగా సాలూరు ఘాట్ దిగి బొబ్బిలి వెళ్ళాలి. తాము పది రోజులుండి రావాలి.

"ఇలాంటి బండి ఆ కొండలెక్కదు," అన్నాడు గోవిందరావు. "పైగా పొల్యూషన్ కాగితం గడువు శనివారంతో సరి. కొత్త కాగితం లేకపోతే ఒడిశా బోర్డర్లో ఆపేస్తారు. రేపు కంపెనీకి తీసుకెళ్ళి చూపిస్తాను. అవ్వకపోతే వీళ్ళని రైలెక్కించీడమే."

రైలు మాట వినగానే కామాక్షమ్మ అరచేయి చీరకి తుడుచుకుంది.

"కంపెనీకా!" నరసింగరావు లేచి నిలబడ్డాడు. "దొంగోడింటికెళ్ళి దొంగతనం అయిందని ఫిర్యాదు చేస్తావేటి బావా? నాకు శనివారం దాకా టైమియ్యి. భిలాయిలో ఇది నా ఆఖరి కేసు. నేరస్థుడు పాతాళంలో దాక్కున్నా జుట్టు పట్టుకుని పైకి లాగుతాను!"

నరసింగరావు ముప్ఫైనాలుగేళ్ళు స్టీలు ప్లాంటులో బొగ్గుని కోక్‌గా కాల్చే కోక్ ఒవెన్స్‌లో పనిచేశాడు. పొగ రంగు చూసి లోపల బొగ్గు ఎంత కాలిందో చెప్పేవాడు. అందులో ఎవరికీ అనుమానం లేదు. పొగని చదివినవాడు మనుషుల్ని చదవలేడా అని రిటైరయ్యాక ఆయనకి తోచడంతోనే వచ్చింది చిక్కు. కిందటేడు కామాక్షమ్మ గేటుకి తగిలించిన పాల పాకెట్లు పోతుంటే పదకొండు రోజులు దర్యాప్తు చేశాడు. పాలవాడు అవమానపడి ఈ వీధే మానేశాడు. చివరికి తేలిందేమిటంటే, దొంగ ఎత్తుకుపోకుండా వాకింగ్ వేళ ఆ పాకెట్లని భద్రంగా తన ఇంటికి చేరుస్తున్నది నరసింగరావే. హేమమాలిని వాటిని తోడేసేస్తోంది.

ఆ మధ్యాహ్నమే దర్యాప్తు మొదలైంది. నరసింగరావు భూతద్దం పట్టుకుని కారు బోనెట్ మీదకి వంగాడు. మే నెల ఎండకి రేకు పెనంలా కాలుతోంది.

"ఆహా! మరక! తెల్లటి మరక!"

కామాక్షమ్మ దాన్ని పైట చెంగుతో తుడవబోయి ఆగిపోయింది.

నరసింగరావు ఆ మరకని గోటితో గీకి నాలిక మీద వేసుకున్నాడు. "ఉప్పు... కారం... ఇంకేదో ఘాటు. బావా, ఇది మామూలు పదార్థం కాదు. సాఫ్ట్‌వేర్ కారిపోయింది!"

"సాఫ్ట్‌వేర్ కారడమేటి? అదేటైనా చమురా?"

"కొత్తగా పోసింది కదా, ఇంకా కుదురుకోలేదు."

గోడ అవతల నుంచి చూస్తున్న హేమమాలిని ఆ మరకని చూసింది, కామాక్షమ్మ మొహం చూసింది. పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వడియాల పిండి ఎండితే ఎలా ఉంటుందో ఆవిడకి ఒకరు చెప్పాలా?

సంగతేమిటంటే, హేమమాలినికి ఇచ్చి పంపడానికి కామాక్షమ్మ నెల రోజులుగా గుమ్మడి వడియాలు పెడుతోంది. కింది అంతస్తు క్వార్టరు కనక డాబా లేదు. పెరట్లో పెడితే కుక్కలు, మంచం మీద పెడితే ప్లాంటు ఎర్రదుమ్ము. శుభ్రంగా, ఎత్తుగా, వేడిగా ఉన్నది ఒక్క కారు బోనెట్టే. దాని మీద పిట్ట ఈక కూడా వాలకూడదని గోవిందరావు కొన్ననాడే శాసనం చేశాడు. అందుకని ఆయన భోంచేసి కునుకు తీసే రెండు గంటలూ పాత పంచె పరిచి వడియాలు ఎండబెట్టేది, లేచేలోగా తీసేసేది. తీసిన ప్రతిసారీ గుప్పెడు తక్కువయ్యేవి. కాకులు అనుకునేది.

ఇప్పుడు ఆవిడని ఇంకో భయం పట్టుకుంది. ఆ పిండి తడి సందుల్లోంచి లోపలికి దిగి యంత్రం పాడైపోలేదు కదా? చెబితే మొగుడు అగ్గిమీద గుగ్గిలమై ప్రయాణమే మానేస్తాడు. చెప్పకపోతే బండి బాగుపడదు. ఎటు తిరిగినా హేమమాలినికి రైలే.

"ఇంకో ఆధారం!" నరసింగరావు బోనెట్ అంచున దుమ్ములో వేలు పెట్టాడు. "చేతి గుర్తులు. చాలా చిన్న చేతులు. నేరస్థుడు పొట్టివాడు."

"ఎంత పొట్టి?" అన్నాడు గోవిందరావు.

"ఈ చేతుల ప్రకారం... జానెడు."

"జానెడు మనిషా!"

"నేరప్రపంచం నీకు తెలీదు బావా. ఇప్పుడు అసలు ప్రశ్న. పరీక్ష జరుగుతోందని ఈ కారుకి ఎలా తెలుస్తాది? మా షిఫ్టులో జీఎం సాబ్ రౌండ్‌కి వస్తన్నాడని నాకెలా తెలిసీది? గేటు కాడ నుంచి తివారీ ఫోన్ చేసీవోడు. అప్పుడు నేను హెల్మెట్ పెట్టీవోణ్ణి. ఈ కారుకి కూడా ఒక తివారీ ఉన్నాడు. ఎవడో లోపలినుంచి కబురందిస్తన్నాడు. ఇంట్లోవాళ్ళే!"

కామాక్షమ్మ తన చేతులు పైట చాటుకి లాక్కుంది. అదృష్టవశాత్తూ ఆయనకి నల్లద్దాలున్నాయి.

శనివారం నలుగురూ కారెక్కారు. నెహ్రూ నగర్ రోడ్డు మీద పెట్రోలు బంకు పక్కన మనోజ్‌కుమార్‌ది మెకానిక్ షెడ్డు, పొగ పరీక్ష చేసే గది. బయల్దేరే ముందు నరసింగరావు అందరినీ పక్కకి పిలిచి, కారులో పరీక్ష అన్న మాట ఎవరూ ఎత్తకూడదని ఆజ్ఞాపించాడు. ఎక్కి కూర్చుని గొంతు పెంచి అన్నాడు:

"బావా! ఇవాళ వంకాయలు కొనుక్కుని వచ్చీదామా?"

"ఎందుకలా అరుస్తావు?"

"నీకు కాదు, కారుకి," అని చెవిలో చెప్పాడు. "మనం పరీక్షకి పోతన్నట్టు దానికి తెలీకూడదు."

"దానికి తెలుగు వస్తాదేటి?"

"విదేశీ బండి. ఏ దేశంలో అమ్మితే ఆ భాష నేర్పే పంపుతారు. వదలకండి, మాట్లాడండి! చెల్లెమ్మా, బెండకాయలు కూడా తీసుకుందామా?"

"తీసుకుందాం అన్నయ్యగారూ," అంది కామాక్షమ్మ. పక్కన కూర్చున్న హేమమాలిని ఆవిడ చేయి పట్టుకుంది. ఇద్దరూ వంకాయల గురించి మాట్లాడుతూ నెహ్రూ నగర్ దాకా ఆ చేతులు వదల్లేదు.

మనోజ్‌కుమార్‌కి నలభై ఏళ్ళుంటాయి. అమ్మానాన్నలది శ్రీకాకుళమే అయినా పుట్టింది ఇక్కడే కావడంతో తెలుగు వెతుక్కుంటూ మాట్లాడతాడు. నరసింగరావు ముందుగా అతనితో కరచాలనం చేసి, ఆ చేతిని వదలకుండా జానెడు కొలిచి, "నువ్వు కాదు," అని విడిచిపెట్టాడు. మనోజ్ ఆ చేతి వైపోసారి, ఆయన వైపోసారి చూసి, కారు పొగగొట్టంలో మిషను గొట్టం దూర్చి మీట నొక్కాడు. కారు ఖళ్ళున దగ్గింది. గది నిండా నలుపు.

"ఫెయిల్ అంకుల్. ఏక్‌దమ్ ఫెయిల్."

"అయిపోనాది," అన్నాడు గోవిందరావు. "తత్కాల్లో రెండు టిక్కెట్లు చూడాల."

కామాక్షమ్మ ఇంక ఆగలేకపోయింది. "ఏవండీ, మీకొక మాట చెప్పాల..."

"ఎవరూ కదలకండి!" నరసింగరావు గర్జించాడు. "నిందితుణ్ణి అదుపులోకి తీసుకుంటన్నాను!" బోనెట్ ఎత్తి, లోపల అన్నిటికంటే పెద్దగా కనిపించిన నల్లటి పెట్టె మీద చెయ్యి వేశాడు. "ఇదిగో కంప్యూటర్! దొంగలకి దొంగ!"

"అరే అంకుల్, అది కంప్యూటర్ నహీ, అది గాలి వెళ్ళే..."

"నాకు చెప్పకు! ముప్ఫైనాలుగేళ్ళు పొగ చదివేను!"

టక్, టక్, టక్ అని మూడు క్లిప్పులు ఊడదీశాడు. నాలుగోది రాలేదు. కాలు బంపరుకి తన్నిపెట్టి రెండు చేతులా లాగాడు. మూత ఊడి చేతికొచ్చింది. మూతతో సహా ఆయన వెల్లకిలా పడ్డాడు. ఆయన మీద తెల్లగా, గలగలా, వడగళ్ళలా ఏవో కురిశాయి. వాటి మధ్యనుంచి జానెడు ఎలుక ఒకటి ఆయన ఛాతీ మీదకి దూకి, నల్లద్దాల మీదుగా పరుగెత్తి, బంకు వైపు పారిపోయింది.



మనోజ్ ఒకటి ఏరి చూశాడు. "ఇది ఏటి? థర్మాకోలా?"

గోవిందరావు తీసుకుని వాసన చూశాడు. "ఇంగువ," అన్నాడు. మెల్లిగా పెళ్ళాం వైపు తిరిగాడు.

"నేనేనండి," అంది కామాక్షమ్మ తలొంచుకుని. "మీరు పడుకున్నప్పుడు బోనెట్ మీద ఎండబెట్టేదాన్ని. కాకులెత్తుకుపోతన్నాయనుకున్నాను. వదిన ఎల్లిపోతాది కదా... ఏదో ఒకటి పెట్టి పంపాల కదా అని..."

"అన్నయ్యగారూ, వదిన్నేటీ అనకండి," అంది హేమమాలిని. "వడియాలంటే నాకు పిచ్చని తనకి తెలుసు. తిడితే నన్ను తిట్టండి."

గోవిందరావు చేతిలోని వడియాన్ని ఇంకోసారి చూసుకున్నాడు. "నెల్లాళ్ళు కంపెనీవోణ్ణి తిట్టిపోసేనే! పదిమందికి చెప్పేనే, సాఫ్ట్‌వేర్ మార్పించకండి, బండి చచ్చిపోతాదని!" అన్నాడు. పెళ్ళాం కళ్ళు చూశాడు. గొంతు తగ్గించాడు. "కింద వేసిన పంచె మందంగానే ఉండీదా? పెయింటుకి గీతలు పడ్నేదు కదా?"

"నాలుగు మడతలు వేసేదాన్నండి."

"సరే అయితే."

"హవా బంద్ అయింది అంకుల్," అని మనోజ్ వడియాలతో కిక్కిరిసిన ఫిల్టరు బయటికి తీసి దులిపాడు. "ఊపిరి ఆడకపోతే ఇంజన్ నల్ల పొగే వదుల్తాది. సాఫ్ట్‌వేర్ తప్పు నహీ." కొత్త ఫిల్టరు వేసి మళ్ళీ మీట నొక్కాడు. పొగ కనబడలేదు. మిషను పాసని కాగితం కక్కింది.

నరసింగరావు ఇంకా నేల మీదే ఉన్నాడు. చొక్కా మీంచి వడియం తీసి గాలిలో ఆడించాడు. "మొదట్నుంచీ నేనేం చెప్పేను? తెల్ల మరక! జానెడు నేరస్థుడు! ఇంట్లోవాళ్ళ హస్తం! మూడూ నిజమయ్యేయా లేదా?"

మూడూ నిజమే. అదే విచిత్రం.

ఆదివారం బండి సాలూరు ఘాట్ మలుపులన్నీ సాఫీగా దాటింది. నరసింగరావు దారంతా వెనక అద్దంలోంచి పొగ కోసం చూస్తూనే ఉన్నాడు. కామాక్షమ్మ అరచేతికి ఇనుము వాసన లేదు.

పది రోజులు పది నిమిషాల్లా గడిచాయి. వెళ్ళాల్సిన రోజు పొద్దున్నే కామాక్షమ్మ వీధిలోకొచ్చి ఆగిపోయింది. కారు బోనెట్ మీద నాలుగు మడతల పంచె, దాని నిండా తడి వడియాలు. పక్కన హేమమాలిని, రెండు చేతులకీ పిండి.

"ఇదేటి వదినా!"

"ఏటీ లేదు," అంది హేమమాలిని ఎటో చూస్తూ. "బొబ్బిలి ఎలకలు మరీ ఆకలిగొట్టువంట."

అంతలో నరసింగరావు బయటికొచ్చాడు. నల్లద్దాలు తీసేసి రెండు రోజులైంది. పిండి చుక్క ఒకటి వేలికి తీసుకుని నాలిక మీద వేసుకున్నాడు. భార్య చేతులు చూశాడు. కామాక్షమ్మ మొహం చూశాడు. జేబులోంచి నోటుబుక్కు తీసి, ఏమీ రాయకుండానే మళ్ళీ జేబులో పెట్టేశాడు.

"బావా!" అని లోపలికి కేకేశాడు. "బ్యాగులు దించీ. బండి మీద కీలకమైన సాక్ష్యం ఉన్నాది. అది ఎండే దాకా బండి కదలడానికి వీల్లేదు!"