చాలు అనే హార్మోను

డిపోలో డ్రైవర్లందరి రక్తపోటూ అదుపులోకి వచ్చిందని యాజమాన్యం సంతోషంతో ప్రకటించింది. ఘనత మాత్రలది. మాత్ర మింగితే ఒంట్లో నీరు దిగుతుంది, పోటు తగ్గుతుంది. దిగిన నీరు ఎక్కడికి పోవాలో ప్రకటనలో లేదు. దారి పొడవునా మరుగుదొడ్డి లేదు, ఉన్నా బస్సు ఆపే వ్యవధి టైంటేబుల్లో లేదు. కనుక డ్రైవర్లు పోటు పరీక్ష ముందు సెలవు పెట్టి, ఇంట్లో కూర్చుని మాత్రలు మింగేవారు. డ్యూటీ రోజుల్లో వాటి మొహం చూసేవారు కాదు.

ఈ విద్యలో పెద్ద డ్రైవరు అందరికంటే ముందున్నాడు. పొట్ట స్టీరింగుకు ఆనుతున్నా ఆయన అంకెలు ముత్యాల్లా ఉండేవి. పోటు పెరిగితే స్టీరింగు లాక్కుని బస్సులు కడిగే షెడ్డుకు తోలేస్తారు. ఆ స్టీరింగు తప్ప ఆయనకు వేరే విద్య రాదు.

"మాత్ర వేసుకున్నారా?" అంది భార్య.

"వేసుకుంటే బస్సు నడపాలా, గోడ వెతకాలా?"

"డాక్టరుకి చెప్పొచ్చుగా."

"చెప్పానే. నీళ్లు తక్కువ తాగమన్నాడు."

అంతటి అంకెలకు ఆదర్శ డ్రైవరు బిరుదు రాక తప్పలేదు. సభలో అందరి ముందూ పోటు చూస్తారని తెలిసి, ఆయన హడలిపోయి పొద్దున్నే రెండు మాత్రలు మింగి వేదికెక్కాడు.

మేనేజరుగారి పొట్ట ముందు మైకును చేరింది, వెనకాలే ఆయన చేరారు.

"సోదరులారా, పొట్టంటే ఉత్త కొవ్వు అనుకోకండి. అదొక కార్ఖానా. కొవ్వు కణాలు హార్మోన్లు తయారుచేస్తాయి. ఒకటి 'ఇక చాలు' అని మెదడుకు కబురు పెడుతుంది. పొట్ట మరీ పెరిగితే ఆ కబురు పైవాడి చెవికెక్కదు. ఇంకొకటి రక్తనాళాలను కాచే మంచి హార్మోను. పొట్ట పెరిగేకొద్దీ అది తగ్గుతుంది. అప్పుడు పోటూ, చక్కెరా చుట్టాల్లా కలిసి దిగుతాయి. ఆ మంచి హార్మోనుకు కూడా మేలు చేసే కొత్త రకం పోటు మాత్ర వచ్చిందట. దానికి మాటిమాటికీ బస్సు దిగక్కర్లేదట కూడా. గోదాములో పాతవి అయిపోగానే తెప్పిస్తాం."

పెద్ద డ్రైవరు కాళ్లు మెలిపెట్టి కూర్చున్నాడు.

"సార్, ఇక చాలు సార్," అన్నాడు మెల్లగా.

"విన్నారా? మనవాడిలో ఆ హార్మోను ఎంత బాగా పనిచేస్తోందో."

సభ చప్పట్లు కొట్టింది. ఉపన్యాసం సాగింది.

చివరికి చేతికి పట్టీ చుట్టారు. బిగబట్టుకున్న మనిషికి పోటు తగ్గుతుందా? డాక్టరు అంకె చూసి కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. ఆదర్శ డ్రైవరుకు ఒక చేతిలో ప్రశంసాపత్రం, రెండో చేతిలో షెడ్డు ఉత్తర్వు పెట్టారు. రెంటినీ పట్టుకుని ఆయన పరుగెత్తాడు. వినయంతో పరుగెత్తాడని డిపోలో నేటికీ చెప్పుకుంటారు.

షెడ్డు పక్కనే మరుగుదొడ్డి. పెద్ద డ్రైవరు రోజూ మాత్ర మింగాడు, బస్సులు తోమాడు. పోటు నిజంగానే దిగింది, పొట్ట కూడా లోపలికి పోయింది. మనిషి బాగుపడ్డాడని యాజమాన్యం గమనించి, వెంటనే స్టీరింగు తిరిగిచ్చి పాత దారికే పంపింది.

మొదటి రోజు ఆయన మాత్ర వేసుకునే బయలుదేరాడు. సగం దారిలో ఒక గోడ పక్కన బస్సు ఆపి దిగాడు. కిటికీల్లోంచి ఈలలు, బూతులు. మనకు ఆలస్యమైపోతోంది మరి.

మర్నాటి నుంచి ఆయన బస్సు ఏ గోడ పక్కనా ఆగడం లేదు. వేళ తప్పకుండా నడుపుతున్నాడని మనమే మెచ్చుకుంటున్నాం.