కోయని పుటలు, పోయిన కత్తి

"ఈ పారిస్‌లో నేరస్థులకు నిద్ర పట్టడం లేదంటే కారణం ఒక్కటే. నేను మేలుకుని ఉన్నాను" అని పొలిదోర్ గ్రాసె ప్రకటించాడు.

ఆ సమయంలో అతను తన గొడుగుల కొట్లో కూర్చుని, విరిగిన పుల్లకు తీగ చుడుతున్నాడు. బాతిన్యోల్ పేటలో అందరూ అతన్ని గొడుగుల వ్యాపారిగానే ఎరుగుదురు. డిటెక్టివ్‌గా గుర్తించింది ఇద్దరే, తనూ, విధిలేక అతని బాల్యమిత్రుడు బాస్తియెనూ. బాస్తియెన్‌ది పక్కనే మందుల షాపు. పొలిదోర్ కేసు పట్టినప్పుడల్లా షాపు మూసి వెంట తిరగడం, ఆ తర్వాత పేటంతటికీ క్షమాపణలు చెప్పుకోవడం అతని వంతు.

ఈసారి కబురు పంపింది ఎదురింటి మూడో అంతస్తులోని రేమొన్ వాల్‌క్రోజ్ గారు. ఒకప్పుడు ఆయన నవల కొనకుండా రైలెక్కిన ఫ్రెంచివాడు లేడు. గూఢచారిణులు, రైలు పడక పెట్టెల్లో ప్రణయాలు, దేశం పోగొట్టుకున్న రష్యన్ రాకుమార్తెలు, అన్నీ ఆయన సొత్తే. తాను మాత్రం రైలెక్కితే వాంతులవుతాయని దిజోన్ ఊరు దాటి ఎరగడు. ఇప్పుడా జోరు తగ్గింది. కిందటి నవల రాకుమార్తే సోదాలో సంధిపత్రం దొరక్కుండా సరిహద్దు ఎలా దాటాలో తేలక, కొత్త నవల చివరి అధ్యాయం దగ్గర ఆగి కూర్చుంది.

పోయిన వస్తువు ఆయన బల్ల మీది దంతపు కత్తి. ఆ దేశంలో కొత్త పుస్తకమంటే పుటలన్నీ మడతల్లోనే అతుక్కుని వస్తాయి. చదివేవాడే కత్తి పెట్టి ఒక్కో మడతా కోసుకుంటూ ముందుకు పోవాలి. అందుకు వాడే కత్తి అది, వాళ్ళమ్మ ఇచ్చింది. అది ఎదురుగా లేకపోతే కలం కదలడం లేదని వాల్‌క్రోజ్ గారు దిగులుగా చెప్పాడు.

"మాస్టారూ, మీరు కత్తి అంటున్నారు. నాకు బాకు వినిపిస్తోంది" అన్నాడు పొలిదోర్ కళ్ళు చిన్నవి చేసి.

ముందుగా ఇంటావిడని విచారించాడు. ఒదెత్ గారు కిటికీ దగ్గర కుర్చీలో మేజోళ్ళు అల్లుకుంటోంది. పక్కన చిన్న బల్ల మీద నల్లట్ట వేసిన లావుపాటి చర్చి ప్రసంగాల సంపుటం. ఆవిడ లాటిన్ పంతులు గారి కూతురు. వంట చేసిపెడతాను గానీ ఆ నవలలు చదవమని మాత్రం అడగొద్దని పెళ్ళినాడే చెప్పేసిన మనిషి. ఇంట్లో పోయింది ఇంట్లోనే దొరుకుతుంది, ఊరంతా తిరగడం దేనికని ఆవిడ శాంతంగా అంది. ప్రసంగాలు చదివే చేతులు బాకు ముట్టవని పొలిదోర్ అక్కడికక్కడే తేల్చేశాడు.

ఆ మధ్యాహ్నం మిత్రులిద్దరూ ఆ మేడలో ప్రతి తలుపూ తట్టారు. ప్రతి ఇంట్లోనూ వాల్‌క్రోజ్ గారు సంతకం చేసి ఇచ్చిన నవల ఉంది. ప్రతివాళ్ళూ అద్భుతమన్నారు, రాత్రంతా కింద పెట్టలేదన్నారు. పొలిదోర్ ప్రతి కాపీనీ భూతద్దంతో పరీక్షించాడు. బాస్తియెన్‌కు మాత్రం చెమటలు పట్టాయి. ఆయన తనకిచ్చిన కాపీ షాపులో దగ్గుమందు సీసాల కింద ఎత్తుకోసం పడి ఉంది.

సాయంత్రం దంపతుల ముందు నిలబడి పొలిదోర్ గొంతు సవరించుకున్నాడు.

"మాస్టారూ, ఈ మేడలో మీ నవల పుటలు ఒక్కరూ కోయలేదు. అంటే కత్తి కాగితాల కోసం పోలేదు. కంఠాల కోసం పోయింది."

బాస్తియెన్ అతని కాలు తొక్కాడు గానీ ఆలస్యమైపోయింది. వాల్‌క్రోజ్ గారు కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు.

"ఒక్కరు కూడానా?"

"ఒక్కరు కూడా" అన్నాడు పొలిదోర్ గర్వంగా. తానేం అన్నాడో అతనికి అప్పటికీ తెలియలేదు.

ముసలాయన కలానికి మూత పెట్టాడు. బల్ల మీది రాతప్రతిని రెండు చేతులా ఎత్తుకుని పొయ్యి వైపు నడిచాడు. "చదివేవాళ్ళే లేనప్పుడు రాకుమార్తె సరిహద్దు దాటితేనేం, దాటకపోతేనేం" అన్నాడు. ఒదెత్ గారి చేతిలో సూదులు ఆగిపోయాయి.

"ఎవరూ కదలొద్దు. హంతకుడు ఈ గదిలోనే..." అంటూ పొలిదోర్ నాటకీయంగా గొడుగు ఎత్తి చూపించాడు. అది తాను స్వయంగా బాగుచేసిన గొడుగు. కాబట్టి దానంతటదే ఫట్‌మని తెరుచుకుంది. తీగ ఊడిన పుల్ల కిటికీ పక్క బల్లకు తగిలింది, ప్రసంగాల సంపుటం ఎగిరి నేల మీద వెల్లకిలా పడింది.

నల్లట్ట లోపల ప్రసంగాలు లేవు. వాల్‌క్రోజ్ గారి పసుపుపచ్చ అట్ట నవల ఉంది. దాని మడతల మధ్య దంతపు కత్తి ఉంది.

ఒదెత్ గారి చెవులు ఎర్రబడ్డాయి.

"కూరల కత్తితో కోస్తే అంచులు చిరుగుతున్నాయండీ" అంది చివరికి.

"అంటే... చదివింది ఇదొక్కటేనా?" అని అడిగాడు ముసలాయన.

"అన్నీ. చదవనని పెళ్ళినాడు అంతమంది ముందు అన్న మాట, ఎలా వెనక్కి తీసుకోను? అది సరే గానీ, కిందటి నవలలో మీ రాకుమార్తె బెల్‌గ్రేడ్‌లో బొచ్చు కోటుతో రైలు దిగింది. తర్వాతి అధ్యాయానికల్లా చలికి వణుకుతోంది. ఆ కోటు ఏమైందో అడగలేక చచ్చిపోతున్నాను."

వాల్‌క్రోజ్ గారు కాగితాలు గుండెలకు హత్తుకుని అలాగే నిలబడ్డాడు. "మర్చిపోయాను" అన్నాడు చిన్నగా. కాసేపటికి ఆయన ముఖం మారింది. "ఒదెత్, సంధిపత్రం ఆ కోటు లోపలే కుట్టి ఉందనుకో. నా సరిహద్దు చిక్కు విడిపోయినట్టే."

"మరి నిలబడ్డారేం? రాయండి. వంట ఆలస్యమైనా పర్లేదు" అంటూ ఆవిడ కత్తి తుడిచి ఆయన బల్ల మీద పెట్టింది. ఒక్క క్షణం ఆలోచించి మళ్ళీ తీసుకుంది. తనకింకా రెండు మడతలు మిగిలి ఉన్నాయట.

మెట్లు దిగుతూ పొలిదోర్, అంతా తాను అనుకున్నట్టే జరిగిందనీ, గొడుగు తెరవడం తన పథకంలో భాగమేననీ చెప్పుకుంటూ పోయాడు. బాస్తియెన్ వినలేదు. షాపు తెరిచి, దగ్గుమందు సీసాలన్నీ ఒక్కొక్కటే పక్కన పెట్టి, నవల మీది దుమ్ము దులిపాడు. మాత్రలు కోసే కత్తి తీసుకుని మొదటి మడత కోశాడు. కడుపునొప్పితో వచ్చిన ఒకావిడ గల్లా దగ్గర నిలబడి ఎంతసేపు పిలిచినా, రైలు కదలబోతోంది, ఒక్క నిమిషం ఆగమన్నాడు.